మాటకును చేతకును నడుమ: సురవరం ప్రతాపరెడ్డి

ప్రజానాయకుల చరిత్రలను వ్రాయువారు సాధారణముగా రెండు త్రోవలలో ఒకదానిని పట్టుదురు. నాయకుని ఉపన్యాసములనే ప్రమాణముగా గైకొని కీర్తించుట ఒక త్రోవ. ఆయన చేతలలోని లోపములను ఏరి నిందించుట మరియొక త్రోవ. స్త్రీల హక్కుల విషయమున ఈ రెండవ త్రోవకు తావు మెండు. సభావేదికపై స్త్రీని గృహలక్ష్మియని పొగడినవారే ఆమెకు ఆస్తిలో పాలు పంచవలసివచ్చినపుడు మౌనము వహించుట ఈ దేశమున పలుమారులు జరిగినది. అది యంతయు కపటమేనా, లేక నాయకులను కట్టివేసిన కాలస్థితిగతులకు కూడ అందు పాలు కలదా? ఈ ప్రశ్నను దూషణభూషణములకు దూరముగా నిలిచి పరిశీలించుటకు సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము తగిన ఆధారము. ఆయన పత్రికాసంపాదకులు, చరిత్రకారులు, తుదకు శాసనసభ్యులు. గద్వాల గడ్డపై పుట్టి వనపర్తి ప్రజల ప్రతినిధిగా మరణించిన మహనీయులు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28న గద్వాల సంస్థాన ప్రాంతములోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి నారాయణరెడ్డి, తల్లి రంగమ్మ. స్వగ్రామము ఇటికాలపాడు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఆ భూభాగమును ప్రజలు నడిగడ్డ యందురు. పండితాదరణకు పేరుగాంచి విద్వద్గద్వాల యని కీర్తి నొందిన ఆ సంస్థానమున స్త్రీలు పలువురు రాజ్యమేలిరి. చిట్టచివర పాలించినవారు కూడ మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారే. రాణి కొలువుదీరి కవులను సత్కరించు సీమలోనే రైతుటింటి ఆడపిల్లకు ఓనమాలు దిద్దించుట అపురూపమైన విషయముగా నుండెను. ఒక్క స్త్రీ సింహాసనమెక్కినంతమాత్రమున తక్కిన స్త్రీల బ్రతుకు మారదనుటకు అంతకన్న దగ్గరి నిదర్శనము మరియొకటి అక్కరలేదు.

తుంగభద్రకు ఆవలి ఒడ్డున కర్నూలు పట్టణము కలదు. ప్రతాపరెడ్డిగారు బాల్యమున అచ్చట చదివి, వెల్లాల శంకరశాస్త్రిగారి కడ సంస్కృత కావ్యములను అభ్యసించిరి. ఆనాడు ఆవలి ఒడ్డు ఆంగ్లేయుల యేలుబడిలోని మద్రాసు రాజధానిది. ఈవలి ఒడ్డు నిజాము రాజ్యము. నది యొక్కటే, భాష యొక్కటే, చుట్టరికములును ఒక్కటే. అయినను న్యాయస్థానములు వేరు, శాసనములు వేరు. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిన నాటినుండి సంస్కారోద్యమము మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను కదలించుచుండెను. నిజాము రాజ్యములోని తెలుగువారికి అట్టి ఉద్యమమునకు వలసిన పత్రికలును సభలును కరవు. ఒక్క నది దాటినంతనే స్త్రీకి చట్టమిచ్చు రక్షణ మారిపోవు ఈ వింత పరిస్థితి ప్రతాపరెడ్డిగారి జీవితకాల మంతయు కొనసాగినది.

హైదరాబాదు నిజాము కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను ఉన్నత విద్య నభ్యసించి, న్యాయశాస్త్ర పట్టమును గూడ పొంది, ఆయన కొంతకాలము న్యాయవాదవృత్తి నవలంబించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, ఆంగ్లము ఆయనకు స్వాధీనమైనవి. ఆ దినములలో హైదరాబాదు నగర కొత్వాలు రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారు. ఆయన వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869లో పుట్టినవారు. 1918లో బాలురకై రెడ్డి హాస్టలు వెలయుటకు మూలపురుషులు. 1924లో ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలు కార్యభారమును వహించి, అచ్చటి గ్రంథాలయమును పెంపొందించి, గ్రామములనుండి వచ్చిన విద్యార్థులలో భాషాభిమానమును నాటిరి. వారు తీర్చిదిద్దినది మగపిల్లలను. ఆనాటి సంస్కర్తలకు విద్యాదానమనగా మొదట కుమారుల చదువే స్ఫురించెను. కుమార్తెల వంతు తరువాత వచ్చెను. వెంకటరామారెడ్డిగారి పేరిట నారాయణగూడలో మహిళా కళాశాల వెలసినది 1954లో, హాస్టలు స్థాపించిన 36 సంవత్సరములకు.

అయినను నిజాము రాజ్యమున ఆంధ్రోద్యమము పుట్టిన చోటనే స్త్రీవిద్య ప్రసక్తి కలదు. 1921లో హైదరాబాదు వివేకవర్ధని రంగశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. దానికి అధ్యక్షులు మహారాష్ట్రమున వితంతువుల విద్యకై జీవితమును ధారపోసిన ధోండో కేశవ కర్వేగారు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబూనగా సభికులలో కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము జనించినది. స్త్రీల అభ్యున్నతిని కోరి కూడిన సభలోనే పరభాషవారి గౌరవము మంటగలిసినది. ఒక విషయమున ఉదారులైనవారు మరియొక విషయమున సంకుచితులు కావచ్చునని తెలుగువారికి ఆనాడే బోధపడెను. అదే కొలత తమకును వర్తించునని గ్రహించుటకు మాత్రము కాలము పట్టెను.

1926 మే 10న ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ఆరంభించిరి. వారమునకు రెండుమార్లు వెలువడిన ఆ పత్రిక నిజాము రాజ్యములోని తెలుగువారికి కన్నును నోరును అయినది. గ్రంథాలయములు, బడులు, వెట్టిచాకిరి, మాతృభాష దుర్గతి, ప్రభుత్వోద్యోగుల దౌర్జన్యము దానికి నిత్యవిషయములు. ఆ రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. పత్రికలపై సర్కారు కన్ను ఎల్లప్పుడును ఉండెడిది. సంపాదకుడు ప్రతి వాక్యమును తూచి వ్రాయవలసిన కాలమది.

1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల ఏర్పడినది. బోధనాభాష తెలుగు. సర్కారు విద్యాశాఖ ఉర్దూలో కాక పరభాషలో బోధించు ఉన్నత పాఠశాలను గుర్తింపదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో నడచునది. కావున ఈ పాఠశాల పూనాలో కర్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము ఏర్పరచుకొనవలసివచ్చెను. తెలుగు బాలిక తన ఊరిలో తన భాషలో చదివి పరీక్షలో నెగ్గుటకు వందల మైళ్ల ఆవలి సంస్థ నాశ్రయింపవలసిన దుస్థితి అది. కొత్వాలు వెంకటరామారెడ్డిగారు ఈ పాఠశాలకు అండగా నిలిచిరి. సర్కారు కొలువులో అత్యున్నత పదవిలో నుండియు, సర్కారు గుర్తింపని బడికి ఆయన సాయపడిరి. ఆయన జీవితచరిత్రను ప్రతాపరెడ్డిగారు 1939లో ప్రకటించిరి. మాటలు తక్కువయై పని ఎక్కువయైన మనుష్యుని లోకమునకు పరిచయము చేయుటయు సంపాదకుని ధర్మములలో ఒకటి.

1930 మార్చిలో మెదకు సీమలోని జోగిపేటయందు నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. ఆ సభలో అస్పృశ్యతను గూర్చి భాగ్యరెడ్డివర్మగారు ప్రసంగింపబోగా సనాతనులైన కొందరు అభ్యంతరము చెప్పిరి. సభ పుట్టిననాడే సంస్కారము ఒక వంక, సంఘైక్యము మరియొక వంక లాగుచుండెను. అందరను కలుపుకొని పోనిచో సభ నిలువదు. అందరను మెప్పింపబూనినచో సంస్కారము సాగదు. అధ్యక్షపీఠమున కూర్చున్న ప్రతి నాయకునకును ఈ చిక్కు తప్పదు. స్త్రీల ప్రశ్నలో అది ఇంకను జటిలము. ఏలనగా ఇతర విషయములలో ప్రతిపక్షి బయట నుండును. ఈ విషయమున ప్రతిపక్షి సభికుని ఇంటనే, ఒక్కొక్కప్పుడు సభికునిలోనే ఉండును.

జోగిపేటలోనే పురుషుల సభతోపాటు మహిళాసభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు దానికి అధ్యక్షత వహించిరి. మరుసటి యేడు దేవరకొండలో టి. వరలక్ష్మమ్మగారు, 1934లో ఖమ్మములో ఎల్లాప్రగడ సీతాకుమారిగారు, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మగారు, 1936లో షాదునగరులో బూర్గుల అనంతలక్ష్మమ్మగారు అట్టి సభలను నడపిరి. అంతవరకు గడప దాటుట యెరుగని స్త్రీలు వేదిక నెక్కి విద్యను గూర్చియు, బాల్యవివాహములను గూర్చియు మాటాడుట సామాన్యమైన సంగతి కాదు. ఎల్లాప్రగడ సీతాకుమారిగారివంటి రచయిత్రులకు అది తొలి వేదికలలో నొకటి యయ్యెను.

ఈ ఏర్పాటునకు మరియొక ముఖమును కలదు. స్త్రీల సమస్యలు మహిళాసభకు పోవుటచే పురుషుల సభ వానిని ప్రధానాంశముగా చర్చింపవలసిన అవసరము తగ్గినది. బాల్యవివాహమును జరిపించువాడు తండ్రి. కుమార్తెకు పాలు ఈయనివాడును తండ్రియే. ఆ తండ్రులు కూర్చున్న పందిరి ఒకటి, ఆ మాటలు వినబడిన పందిరి మరియొకటి. మహిళాసభాధ్యక్షులలో మాణిక్యమ్మగారు, అనంతలక్ష్మమ్మగారు ఉద్యమ నాయకుల భార్యలగుట కూడ గమనింపదగినది. నాయకుడు తన ఇంటి స్త్రీని వేదికకు పంపుట ధైర్యమే. కాని నాయకుని ఇంటితో సంబంధము లేని స్త్రీకి ఆ వేదిక ఎంత దూరమైనదో కూడ అదియే తెలుపుచున్నది. నాయకుల మాటలో పొందిక లేదని తరువాతివారు మోపిన నిందకు మూలము ఇచ్చటనే వెదకవలెను. వారు స్త్రీల హక్కులను తిరస్కరింపలేదు. స్త్రీలకు వేరుగా ఒక చోటు నిచ్చి, తమ చోటును మార్చుకొనలేదు.

చట్టమును సాధనముగా వాడుకొనుటకు వారికి అవకాశము తక్కువ. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు కనీస వివాహ వయస్సుగా నిర్ణయించిన శారదా శాసనము 1929లో ఆమోదము పొంది, జోగిపేట సభ జరిగిన మరుసటి నెల, అనగా 1930 ఏప్రిలు 1న, ఆంగ్ల పాలిత ప్రాంతములలో అమలులోనికి వచ్చెను. స్వదేశ సంస్థానములకు అది వర్తింపదు. కర్నూలులో నేరమైన బాల్యవివాహము తుంగభద్ర దాటి అలంపురము చేరినచో ఆ శాసనమునకు చిక్కదు. వితంతువునకు భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు నిచ్చిన 1937 నాటి శాసనమును అట్లే ఆనాడు నిజాము రాజ్యమున ప్రవేశింపలేదు. బాధ్యతాయుత ప్రభుత్వము లేనిచోట నాయకుడు తీర్మానముకన్న మించి చేయగలిగినది స్వల్పము. ఆ పరిమితిని గుర్తింపక ఆనాటివారిని తూచుట న్యాయము కాదు.

చట్టముతో పని లేని విషయములు కూడ కలవు. దొరల ఇండ్లలో పెండ్లియైన కుమార్తెతోపాటు అత్తవారింటికి పంపబడు దాసీ బాలికను ఆడబాప యనిరి. ఆమెకు పెండ్లి లేదు, కూలి లేదు, తన శరీరముపై తనకు హక్కు లేదు. పాలమూరు గ్రామములలో దళిత బాలికలను దేవతల పేరిట జోగినులుగా విడుచు దురాచారమును ఉండెను. ఆంధ్రోద్యమము వెట్టిని గట్టిగా ఖండించినది. అయితే ఆనాటి నాయకులలో పెక్కుమంది భూస్వామ్య కుటుంబములవారును, న్యాయవాదులును. వెట్టి బాధితులనగా వారికి ముందు కనబడినవారు రైతులు, వృత్తిపనివారు. ఆడబాప వారి ఇండ్లకు పరిచితురాలగుటచేతనే చర్చకు దూరమైనదనుకొనుటకు అవకాశము కలదు. చదువుకున్న కులస్త్రీ అభ్యున్నతికి వాదించిన సంస్కారము చాకిరి స్త్రీ వాకిటిలో మందగించినది.

ప్రతాపరెడ్డిగారి సాహిత్యకృషి ఈ సందర్భమున గుర్తుకు రాదగినది. నిజాము రాజ్యమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు బదులుగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కీర్తికి శిఖరము. రాజుల యుద్ధములను విడిచి, ప్రజలు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, జరుపుకొన్న పండుగలు, పెట్టుకొన్న నగలు చరిత్రకు తగిన వస్తువులని నిరూపించిన గ్రంథమది. అట్టి చరిత్రలో సహజముగానే స్త్రీలకు చోటు దొరకెను. దంపుడు పాటయు, చీరకట్టును చరిత్రకారుని బల్లపైకి వచ్చుట గొప్ప మార్పు. ఆయన కాధారములైన కావ్యములలో అత్యధికములు పురుషులు వ్రాసినవి. అందు స్త్రీ చూడబడినదేకాని తాను చూచినది తక్కువ. ఆ కొరత గ్రంథకర్తది యనుటకన్న తెలుగు సాహిత్యపు కొరత యనుట యుక్తము. 1955లో, కర్త మరణానంతరము, ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెలుగున ఆ పురస్కారము నందిన తొలి గ్రంథమదియే.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1950లో రాజ్యాంగము స్త్రీపురుషులకు సమానత్వమును ప్రకటించినది. అదే కాలమున ఢిల్లీలో డాక్టరు అంబేద్కరుగారు హిందూ స్మృతి బిల్లుకై పోరాడుచుండిరి. సమానత్వపు సూత్రమును రాజ్యాంగములో ఆమోదించిన సభ్యులలోనే పలువురు వివాహ విచ్ఛేదము, కుమార్తెకు ఆస్తిహక్కు అను మాటలు వచ్చుసరికి ప్రతిఘటించిరి. రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు సైతము బిల్లునకు విముఖులు. ప్రధాని నెహ్రూగారు మొదట గట్టిగా సమర్థించి, ఎన్నికల ముందు 1951 సెప్టెంబరులో దానిని ప్రక్కన పెట్టిరి. అంబేద్కరుగారు మంత్రిపదవిని వదలుకొనిరి. జోగిపేటలో చిన్నదిగా కనబడిన చిక్కు ఢిల్లీలో దేశమంత పెద్దదిగా కనబడెను.

ఆ వెనువెంటనే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. వయోజనులైన స్త్రీలందరకును ఓటుహక్కు వచ్చిన తొలి ఎన్నికలవి. అయినను తమ పేరు చెప్పక ఫలానావాని భార్యయనియో, తల్లియనియో వ్రాయించుకొన్న కారణమున దేశమున, ముఖ్యముగా ఉత్తర రాష్ట్రములలో, సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు ఓటర్ల పట్టికలనుండి తొలగింపబడెను. హక్కు కాగితముపైకి వచ్చినను, దానిని పొందవలసిన మనిషికి పేరు లేకపోయెను. 175 మంది సభ్యుల ఆ హైదరాబాదు సభలో ఆరుట్ల కమలాదేవి, సంగం లక్ష్మీబాయి, మాసూమా బేగంవంటి కొలదిమంది స్త్రీలు కూర్చుండిరి. అందు కమలాదేవిగారు తెలంగాణ సాయుధ పోరాటమునుండి వచ్చినవారు. ఆ పోరాటమున పాల్గొన్న స్త్రీల అనుభవములను స్త్రీశక్తి సంఘటన 1986లో మనకు తెలియని మన చరిత్ర అను గ్రంథముగా వెలువరించెను. పోరాటము ముగిసిన పిమ్మట తమను తిరిగి వంటింటికి పొమ్మన్నారన్న ఆవేదన అందు వినిపించును. కావున ఈ పొందికలేమి ఒక పక్షమునకు మాత్రమే చెందిన దోషము కాదు.

శాసనకర్తగా ప్రతాపరెడ్డిగారికి దక్కిన కాలము అత్యల్పము. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూసిరి. హిందూ వివాహ శాసనము 1955లో, వారసత్వ శాసనము 1956లో వచ్చెను. ఆంధ్రప్రదేశమున కుమార్తెకు పిత్రార్జితమున కుమారునితో సమానమైన జన్మహక్కు కలిగించిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది; దేశమంతటికిని అది 2005లో విస్తరించెను. దేవదాసీ సమర్పణమును మద్రాసు రాష్ట్రము 1947లోనే నిషేధింపగా, జోగినీ ఆచారమును గూడ చేర్చి ఆంధ్రప్రదేశము ప్రత్యేక శాసనము చేసినది 1988లో. కర్నూలు ఒడ్డుకు వచ్చిన రక్షణ అట్టి స్పష్టమైన రూపమున నడిగడ్డకు చేరుటకు 41 సంవత్సరములు పట్టెను. నది వెడల్పు మారలేదు. నాయకుల తొందరలో మాత్రమే ఆ భేదము కలదు.

2016లో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలైనవి. 2011 జనాభా లెక్కల ననుసరించి గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపే. స్త్రీలలో అంతకన్న తక్కువ. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టుటకు తెలంగాణ శాసనసభ 2025లో ఆమోదము తెలిపెను. ఆయనకు గౌరవము చెల్లినది. ఆయన స్వగ్రామపు సీమలో చదువురాని తల్లికి చెల్లవలసినది ఇంకను చెల్లలేదు.

ప్రతాపరెడ్డిగారిని కపటియనుట అసత్యము, లోపరహితుడనుట అతిశయోక్తి. ప్రజల చేతికి ఆయన పత్రికనిచ్చిరి, చరిత్రనిచ్చిరి, తమ భాషపై గౌరవము నిచ్చిరి. స్త్రీల విషయమున ఆయన తరము వాకిలి తెరచినది. ఆస్తి, వివాహము, చాకిరి అను లోపలి గదుల తాళములను మాత్రము తరువాతివారికి విడిచినది. నాయకుని పరీక్షించునపుడు ఆయన సభలో ఏమి చెప్పెనో అంతటితో ఆగరాదు. తన వర్గమునకు, తన ఇంటికి నష్టము కలుగుచోట ఆ మాటను ఎంతవరకు నిలుపుకొనెనో చూడవలెను. ఆ కొలత ఆనాటివారికెంత వర్తించునో, ఓటు నడుగవచ్చిన నేటివారికి అంతకన్న ఎక్కువ వర్తించును. ఏలనగా శాసనము చేయు అధికారము లేదన్న సాకు వీరికి లేదు.